ఇత్తడికి ఏ జిడ్డు?

రాత్రి పదకొండు దాటింది. డైలో ఇరుక్కున్న భరిణె బయటికి రావట్లేదు. లివరు పట్టుకుని లాగితే లోపల ఏదో తెగిన చప్పుడు. చూస్తే భరిణె అడుగు ఊడి పంచ్‌కి అంటుకుని వచ్చింది. గోడ మాత్రం డైలోనే ఉండిపోయింది. మా మామ ఒక్క మాట కూడా అనలేదు. స్టూలు మీద కూర్చుని తలపట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

మామది చిన్న ప్రెస్సు షెడ్డు. ఇత్తడి రేకుతో చిన్న గిన్నెలు, మూతలు, కుంకుమ భరిణెలు కొట్టి బేగంబజార్ దుకాణాలకు వేస్తాడు. ఈసారి ఒక పెళ్ళికి రిటర్న్ గిఫ్టులని 400 భరిణెల ఆర్డరు దొరికింది. వచ్చిన అడ్వాన్సంతా రేకుకే పెట్టేశాడు. చేతిలో ఉన్నది తొమ్మిది రోజులు. సరిగ్గా అప్పుడే, పదేళ్ళుగా ఆ ప్రెస్సు నడిపిస్తున్న అన్న చెల్లెలి పెళ్ళని బిహార్ వెళ్ళాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

నాది మెకానికల్ డిప్లొమా. ‘నేనున్నా కదా మామా’ అన్నాను. ఆ మాట ఖరీదు ఎంతో మొదటి రాత్రే తెలిసింది.

అసలు సమస్య ఏంటంటే

భరిణె అంటే అడుగు ఒకటి, మూత ఒకటి. మూత బిగువుగా కూర్చోవాలి, కానీ రెండు వేళ్ళతో తీస్తే రావాలి. రేకును గిన్నెలా లాగాక కొలత కొంచెం అటూఇటూ ఉంటుంది. లోహాన్ని వంచి వదిలేస్తే అది కాస్త వెనక్కి జరుగుతుంది కదా. అందుకే చివర్లో ప్రతి ముక్కనూ గట్టి ఉక్కు డైలోకి నెట్టి సరైన సైజుకు నొక్కుతారు. దీన్ని సైజింగ్ అంటారు.

ఆ నొక్కే క్షణంలో ఇత్తడికీ ఉక్కుకీ మధ్య ఏదో ఒక పొర ఉండాలి. లేకపోతే ఇత్తడి ఉక్కును పట్టుకుంటుంది, చిన్న చిన్న రేణువులు డై గోడకు అతుక్కుపోతాయి. తర్వాత వచ్చే ప్రతి ముక్క మీదా ఆ రేణువులు గీతలు పెడతాయి. ఏదో ఒక ముక్క ఇరుక్కుపోతుంది.

బిహార్ అన్న దగ్గర ఒక పాత డబ్బా ఉండేది. అందులో వేళ్ళు ముంచి గిన్నెకు అలా తుడిచి ప్రెస్సులో పెట్టేవాడు. ఆ డబ్బాలో ఏముందని పదేళ్ళలో మామా అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు చూస్తే డబ్బా ఖాళీ.

నేను బండి ఇంజిన్ ఆయిల్ రాశాను. ఫలితం పైన చెప్పాను.

ఫోన్‌లో దొరికింది తూటాల వాళ్ళే

ఆ రాత్రి నిద్ర పట్టక, ఇత్తడి డైలో ఇరుక్కుంటే ఏం చేయాలని ఫోన్‌లో వెతికాను. వచ్చిన వీడియోలన్నీ దాదాపు అమెరికా వాళ్ళవే. అందులో ఎవ్వరూ గిన్నెలు చేయట్లేదు. పేల్చేసిన తూటాల ఖాళీ డొప్పలను మళ్ళీ వాడుకోవడానికి సైజు చేస్తున్నారు.

ముందే ఒక మాట. మన దగ్గర అది ఇంట్లో కూర్చుని చేసుకునే పని కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. నాకు తూటాలతో పని లేదు. కానీ వాళ్ళ ఇబ్బందీ నా ఇబ్బందీ అచ్చం ఒకటే అనిపించింది.

తూటా డొప్ప చేసే ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింక్ ఉంటాయి. లోతుగా లాగినా చిరగని గుణం దానికుంది. అందుకే ఆ మిశ్రమానికి పేరే ‘కార్ట్రిడ్జ్ బ్రాస్’. లోతైన గిన్నెలు లాగడానికి కూడా ఇదే మంచి రేకు. తుపాకీ పేలగానే డొప్ప ఉబ్బి గది గోడలకు అతుక్కుంటుంది, తర్వాత కొంచెమే వెనక్కి తగ్గుతుంది. అలా ఉబ్బిన దాన్ని మళ్ళీ డైలోకి నెట్టి పాత కొలతకు తేవాలి. మా భరిణె పని కూడా ఇదే.

వాళ్ళకూ డొప్పలు ఇరుక్కుంటాయట. అప్పుడు అడుగున డ్రిల్ చేసి, మర తోడి, బోల్టు బిగించి లాగుతారు. మా దాంట్లో అడుగు ముందే ఊడిపోయింది కాబట్టి ఆ దారి లేదు. డై విప్పి వెనక నుంచి కర్ర ముక్క పెట్టి తడితే, తెల్లారేసరికి ఊడింది.

రెండు తప్పులు, ఇంకో రెండు రోజులు

మర్నాడు తెలివిగా ఆలోచించాననుకున్నాను. ఎక్కువ ఒత్తిడి తట్టుకునేది గేర్ ఆయిల్ కదా! అది రాస్తే ముక్కలు వెన్నలా జారాయి. సాయంత్రానికి అరవై అయ్యాయి. మామ మొహంలో నవ్వు కనిపించింది.

పొద్దున చూస్తే వాటి మీద నల్ల మచ్చలు. చాలా గేర్ ఆయిళ్ళలో ఒత్తిడి తట్టుకోవడానికి గంధకం కలిసిన మందులు వేస్తారు. ఇనుముకు అది మేలే. రాగి ఉన్న లోహానికి మాత్రం నలుపు పట్టిస్తుంది. రాత్రంతా ఆ నూనెతోనే వదిలేయడం నేను చేసిన రెండో తప్పు.

సరే, గ్రీజు. ఈసారి ఎక్కడా ఇరుక్కోకూడదని దట్టంగా పట్టించాను. ఇరుక్కోలేదు. కానీ గిన్నె భుజాల దగ్గర సొట్టలు పడ్డాయి. తూటాల వాళ్ళు దీన్నే ఆయిల్ డెంట్ అంటారని తర్వాత తెలిసింది. ఎక్కువైన జిడ్డుకు డైలో పోవడానికి చోటుండదు. ద్రవాన్ని నొక్కితే అది దాదాపు కుంచించుకోదు. దాని బదులు మెత్తటి ఇత్తడే లోపలికి తగ్గుతుంది.

తక్కువైతే ఇరుకు, ఎక్కువైతే సొట్ట. మిగిలింది ఏడు రోజులు. మామ అప్పటికి ఒక్కసారే నోరు విప్పాడు: “అల్లుడూ, నీతోటి కాకపోతే చెప్పు. రేకు వాపసిచ్చి చేతులు కడుక్కుంట.”

బేగంబజార్‌లో ఒక ప్రశ్న

బస్సులో అబిడ్స్ మీదుగా వెళ్తుంటే గన్‌ఫౌండ్రీ వచ్చింది. రోజూ వినే పేరే. 1795లో ఫ్రెంచ్ సేనాని రేమండ్ నిజాం సైన్యం కోసం అక్కడ ఫిరంగుల పోత ఖానా పెట్టించాడు. తోపులు పోతపోసిన పేటకు, ఇత్తడి అమ్మే బజారుకు మధ్య నడకే. మొజంజాహి మార్కెట్ దగ్గర దిగి లోపలికి నడిచాను.

బేగంబజార్ గురించి హైదరాబాద్ వాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది! రెండో నిజాం భార్య హమ్దా బేగం ఇచ్చిన జాగాలో వ్యాపారులు పెట్టుకున్న బజారు, అందుకే ఆ పేరు. తోపుడు బండ్లు, మూటలు మోసే హమాలీలు, మసాలాల ఘాటు, గిన్నెల గలగల. ఇత్తడి దుకాణాల ముందు బిందెలు ఎండకు కళ్ళు జిగేల్‌మనిపిస్తాయి.

నూనెలు, మైనాలు అమ్మే ఒక పాత దుకాణంలో పెద్దాయన కూర్చున్నాడు. నల్ల మచ్చ పడిన భరిణె, సొట్ట పడిన భరిణె రెండూ గల్లా మీద పెట్టి కథంతా చెప్పాను. ఆయన వాటిని తిప్పి తిప్పి చూశాడు.

“ఏసుడు సంగతి తర్వాత బేటా. తీసుడు ఎట్ల?”

నాకు అర్థం కాలేదు.

“ఇండ్ల కుంకుమ పెడ్తరా, లేదా? ఆడోళ్ళు నొసటికి పెట్టుకునే చీజ్. నువ్వు ఏసిన జిడ్డు లోపల మిగిలితే ఆ కుంకుమలనే కలుస్తది. రేపు వాసనొచ్చినా, దద్దు లేచినా నిన్నే అంటరు. ఎట్ల తీస్తవో ముందు జెప్పు, అప్పుడు ఏమెయ్యాల్నో నేను జెప్త.”

మూడు రోజులుగా ఎంత జారుతుందనే చూశాను. ఎవరిని తాకుతుందని ఒక్కసారీ ఆలోచించలేదు.

జిడ్డు చరిత్ర ఇక్కడిదే

ఇదే ప్రశ్న ఒకప్పుడు దేశాన్ని కదిలించింది. 1857లో కంపెనీ సిపాయిలకు కొత్త ఎన్‌ఫీల్డ్ తుపాకులు వచ్చాయి. వాటి తూటాలు ఇత్తడివి కావు, కాగితం పొట్లాలు. కొసను పంటితో కొరికి, మందు గొట్టంలో పోసి, గుండును కిందికి దించాలి. గొట్టం లోపల మెలికల గాడులుంటాయి కాబట్టి గుండు సులువుగా దిగాలని పొట్లానికి జిడ్డు రాసేవారు.

అది ఆవు కొవ్వు, పంది కొవ్వు అనే మాట ఆ జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో మొదలైంది. తర్వాత అధికారులు మీకు నచ్చిన జిడ్డు మీరే రాసుకోండి అన్నారు. తేనెమైనం, నూనె కలిపినా పని జరుగుతుంది. కానీ అప్పటికే నమ్మకం పోయింది. మే 10న మీరట్‌లో తిరుగుబాటు లేచింది. కారణాలు చాలానే ఉన్నాయి, అగ్గిపుల్ల మాత్రం ఈ జిడ్డే.

ఆ మంట హైదరాబాద్‌కూ వచ్చింది. జూలై 17న మౌల్వీ అల్లాఉద్దీన్, తుర్రెబాజ్ ఖాన్ నాయకత్వంలో జనం బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. అంటే మనం కోఠి ఉమెన్స్ కాలేజీ అని పిలుచుకునే చోటు. ఢిల్లీకి పోయి సాటి సిపాయిలతో పోరాడం అని వచ్చేసిన వాళ్ళను పట్టి బంధించారని, వాళ్ళను విడిపించాలని ఆ దాడి. తుర్రెబాజ్ ఖాన్‌ది ఈ బేగంబజారే. దొరికాక ఆయనకు యావజ్జీవం వేశారు. 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నాడు, కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర చంపేశారు. ‘నువ్వేమన్నా పెద్ద తురుంఖాన్‌వా’ అంటాం చూడండి, ఆ మాట ఈయన పేరు నుంచే పుట్టిందంటారు.

పెద్దాయన దుకాణంలో నిలబడితే ఇదంతా గుర్తొచ్చింది. జారడం ఒక్కటే చూసిన తుపాకీ ఇంజినీర్లకు, అది ఎవరి నోట్లోకి పోతుందో పట్టలేదు. నాకు నుదురు పట్టనట్టే.

ఏది ఎందుకు పని చేస్తుంది

ఇంజిన్ ఆయిల్ ఎందుకు ఓడిపోయింది? ఇంజిన్‌లో భాగాలు వేగంగా తిరుగుతూ నూనెను మధ్యలోకి లాక్కుంటాయి. దాని మీదే తేలుతాయి. డైలో ఆ వేగం ఉండదు. నెమ్మదిగా, భయంకరంగా నొక్కుతుంది, పలచని నూనె పక్కలకు పారిపోతుంది. అప్పుడు కావలసింది లోహాన్ని పట్టుకుని కదలనిది.

సబ్బు, కొవ్వు, ఆముదం, మైనం లాంటి వాటిలో అణువులకు ఒక కొస లోహాన్ని అంటిపెట్టుకునే గుణం ఉంటుంది. తివాచీ పోగుల్లా నిలబడతాయి. పొర ఎంత పలచనైనా ఒత్తిడికి అంత త్వరగా చెదరదు. ఇంజిన్ ఆయిల్ కన్నా మామూలు బట్టల సబ్బు నీళ్ళు ఇత్తడి లాగడానికి నయం అనేది ఇందుకే.

తూటాల వాళ్ళు చేసే ఎంపిక కూడా ఇలాగే ఉంటుంది. చాలామందికి ఇష్టమైనది గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం, లానోలిన్. దాన్ని స్పిరిట్‌లో కరిగించి స్ప్రే చేస్తారు. స్పిరిట్ ఆరిపోయేదాకా ఆగాలి, అప్పుడే పలచని పొర మిగులుతుంది. ఆగకుండా డైలోకి నెడితే ఇరుక్కుంటుంది. కొన్ని డొప్పలే ఉంటే డబ్బాలో మైనం ముద్ద పెట్టుకుని వేలికొసతో రాస్తారు. నీళ్ళతో కడిగితే పోయే రకాలూ ఉన్నాయి, వాటిని మెత్తటి ప్యాడ్ మీద పోసి డొప్పలను దొర్లిస్తారు. మెడ లోపలికి జిడ్డు పోకూడదు అనుకునేవాళ్ళు అక్కడ గ్రాఫైట్ లేదా అభ్రకం పొడి అద్దుతారు. పిస్టల్ వాటిలా తిన్నగా ఉండే డొప్పలకైతే టంగ్‌స్టన్ కార్బైడ్ డై వాడితే జిడ్డే అక్కర్లేదు. రైఫిల్‌వాటిలా మెడ సన్నబడితే మాత్రం ఏ డై అయినా రాయాల్సిందే.

వాళ్ళూ ‘తీసుడు’ దగ్గరే గట్టిగా ఉంటారు. డొప్పకు జిడ్డు మిగిలితే, పేలినప్పుడు అది గది గోడలను పట్టుకోదు. వెనక్కి తన్నే బలమంతా తుపాకీ వెనకభాగం మీద పడుతుంది. పలచటి నూనె అడుగుకు పాకితే ప్రైమర్ చెడుతుంది. అందుకే మొక్కజొన్న కంకి పొడిలో దొర్లించి పూర్తిగా తుడిచేస్తారు.

ఇత్తడికి పడనిది ఇంకోటుంది

మచ్చలు పోవడానికి మెరుపు పాలిష్ కొంటానంటే పెద్దాయన ఆపాడు. “ఘాటు వాసనొచ్చేది వద్దు. అమోనియా ఉంటది. ఇత్తడి పగుల్తది.”

ఇది నిజమేనా అని చదివితే, మళ్ళీ మన దేశం కథే దొరికింది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. కొన్నాళ్ళకు డొప్పలు మెడ దగ్గర వాటంతటవే చిట్లిపోయేవి. వానాకాలంలో వస్తుంది కాబట్టి ‘సీజన్ క్రాకింగ్’ అన్నారు. 1921లో బ్రిటన్ లోహ శాస్త్రజ్ఞులు కారణం తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాల్లో తేమ, నొక్కినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన లోపలి బిగువు, ఈ మూడూ కలిస్తే పగులు. తక్కువ వేడిలో కాసేపు ఉంచి ఆ బిగువు తగ్గిస్తే ఆగిపోయింది.

ఇది మామకు చదివి వినిపిస్తుంటే ఆయన మెల్లగా తలుపు వైపు చూశాడు. షెడ్డు గోడకు ఆనుకునే పక్కింటివాళ్ళ బర్రెల కొట్టం. “వానలు పడ్డప్పుడల్లా నాలుగైదు గిన్నెలు పగుల్తయ్ రా. ఇన్నేండ్లు రేకు మంచిగ లేదని అంగడాయనతోటి లొల్లి వెట్టుకున్న” అన్నాడు. ఆ రోజే మాల్ మొత్తం ముందు గదిలోకి మార్చాం.

చివరికి ఏం చేశామంటే

బజారు నుంచి తెచ్చింది పెద్దగా ఏం లేదు. కొంచెం వుల్ ఫ్యాట్, కొంచెం తేనెమైనం, రెండు బట్టల సబ్బులు, కాస్త స్పిరిట్. అన్నీ కలిపితే నేను పాడు చేసిన అరవై భరిణెల రేకు ఖరీదు కన్నా తక్కువే.

మొదటి లాగుడుకు చిక్కటి సబ్బు నీళ్ళు. మధ్యలో మెత్తబడటానికి కాల్చే ముందు శుభ్రంగా కడగడం తప్పనిసరి, జిడ్డుతో కాలిస్తే మసి పట్టి పోదు. ఆఖరి సైజింగ్‌కు వుల్ ఫ్యాట్, మైనం కరిగించి కలిపిన ముద్ద. వేలికొసకు కంటికి కనిపించీ కనిపించనంత. ఒక్కసారి రాస్తే రెండు మూడు ముక్కలకు సరిపోయింది. పని అయ్యాక స్పిరిట్ గుడ్డతో తుడిచి, వేడి సబ్బు నీళ్ళలో కడిగి, ఎండలో ఆరబెట్టాం. నల్ల మచ్చల్లో సగం పైగా మా అత్తమ్మ చింతపండుతో తోమి కాపాడింది. సొట్ట పడ్డవి మాత్రం తుక్కుకే.

ఎనిమిదో రోజు రాత్రి 400 పూర్తయ్యాయి. మామ వాటిలో ఒకటి తీసి మూత పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టాడు. వేలు లోపల తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా లేదు. అప్పుడు అన్నం తినడానికి లేచాడు.

మీరు భరిణెలు చేయకపోవచ్చు. కానీ సైకిల్ చెయినుకో, తలుపు తాళానికో, కుట్టు మిషన్‌కో ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు. చేతికి అందిన డబ్బా తీసే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ లోహానికి ఇది పడుతుందా? నొక్కుతుందా, వేగంగా తిరుగుతుందా? ఎంత పలచగా రాస్తే చాలు? పని అయ్యాక ఎలా పోతుంది, అది ఎవరిని తాకుతుంది?

పెళ్ళి నుంచి బిహార్ అన్న పదిహేను రోజులకు తిరిగొచ్చాడు. నా డబ్బా చూపించి, నీ డబ్బాలో ఏం ఉండేదని అడిగాను. “సాబున్, మోమ్, జెర ఆముదం” అన్నాడు, అదేదో పెద్ద విషయమే కానట్టు. పదేళ్ళు పక్కనే ఉండి అడగకపోవడానికి నాకే సిగ్గేసింది. తర్వాత నా ముద్దలో వేలు పెట్టి, ఒక భరిణెకు రాసి చూసి నవ్వాడు.

“మాల్ మంచిగుంది భయ్యా. గానీ నువ్వు ఇంకా ఎక్కువే రాస్తున్నవ్.”